నిదానమే ప్రధానము

రహదారుల ప్రక్కను, లారీల వెనుకను "నిదానమే ప్రధానము" అను వాక్యము వ్రాయబడి యుండుట చదువరులెల్లరును చూచియే యుందురు. మేమును చిన్ననాటినుండి చూచుచున్నాము. మెల్లగా పోవలెనని దాని యర్థమనియే యింతకాలము తలచితిమి. ఈ నడుమ మాకు కలిగిన యొక యనుభవమువలన ఆ మాటకు గల రెండవ యర్థమును తెలిసికొంటిమి. వైద్యశాస్త్రమున నిదానమనగా రోగకారణ నిర్ణయము. మాధవకరుని మాధవనిదానము చికిత్సలు చెప్పు గ్రంథము కాదు. రోగమును గుర్తించు విధమును చెప్పు గ్రంథము. మందు మాట యెత్తక, రోగమును కనుగొనుటకే యొక గ్రంథము వేఱుగా వ్రాయవలెనని మన పూర్వులకు తోచినది. అది యెంత యావశ్యకమో మాకు నేర్పినది మాత్రము పండితుడు కాదు, మా మోటారు కారు.

మా బండి వయస్సు ఐదేండ్లు. పట్టణపు వీధులలో అది యే దోషమును లేనట్లు తిరుగుచుండును. ఒకనాడు హైదరాబాదునుండి విజయవాడకు పోవు రహదారిమీద, చౌటుప్పల్ దాటిన పిమ్మట, దాని స్వభావము మాఱినది. వేగము 80 కిలోమీటర్లు దాటగనే వణకు మొదలయ్యెను. 90, 95 నడుమ అది ముదిరెను. సీసాలోని నీరు వలయములుగా కదలజొచ్చెను. వెనుక కూర్చున్న పిల్లల మాటలు సైతము గొంతులో వణకెను. "రోడ్డు బాగులేదు" అని మేమంటిమి. "రోడ్డు కాదండీ, అయ్యగారూ! నెల దినములనుండి మనవి చేయుచున్నాను. వెనుక చక్రములలో ఏదో యున్నది" అని మా డ్రైవరు బదులు చెప్పెను. ప్రక్కనున్న మా బావమఱది "బావగారూ! ఇంకను కొంచెము త్రొక్కింపుడు, అదియే పోవును" అనెను. చిత్రమేమనగా, 110 దగ్గఱ అది నిజముగా తగ్గినట్లు తోచెను. మాకు బావమఱది మాటయే రుచించినది. డ్రైవరు మాటకు బదులుగా పాటల పెట్టె ధ్వనిని పెంచితిమి.

పిమ్మట పట్టణమున చికిత్సలు మొదలయ్యెను. మొదటి దుకాణమువారు మా మాట సగము విని "అలైన్‌మెంటు" అనిరి. సరిచేసి, రుసుము పుచ్చుకొనిరి. వణకు పోలేదు. అలైన్‌మెంటు చెడినచో బండి యొక ప్రక్కకు లాగును, టైర్లు ఒకవైపున అరుగును. వణకునకు అది సాధారణముగా కారణము కాదని మాకు తరువాత తెలిసినది. రెండవ దుకాణమువారు నాలుగు షాక్ అబ్జార్బర్లను మార్చిరి. వణకు పోలేదు, మా సొమ్ము పోయినది. మూడవవారు చక్రముల తూకము చూచి, యంత్రముమీద సున్న వచ్చుట చూపి, "ఈ తరగతి బండ్లన్నియు ఇంతియే, అలవాటు పడవలెను" అని ధైర్యము చెప్పిరి. ఆ ముగ్గురిలో ఒక్కరును బండి నెక్కి రహదారిమీదికి రాలేదు. ఒక్కరును డ్రైవరు నడుగలేదు. వారి ననుటయేల? మేము మాత్ర మడిగితిమా?

రెండు నెలలు గడచిన పిమ్మట విజయవాడలో బంధువుల యింట పెండ్లికి సకుటుంబముగా బయలుదేఱితిమి. సూర్యాపేట చెంత తేనీటికి బండి నాపితిమి. త్రాగి వచ్చి యెక్కబోవగా డ్రైవరు తాళము చేతబట్టుకొని నిలుచుండెను. "పిల్లలున్నారండీ. ఎవరికైన చూపించినగాని నేను బండి తీయను" అనెను. ముహూర్తము దగ్గఱపడుచున్నది. మాకు కోపము వచ్చినది. ఆ కోపమున అతని నేమేమంటిమో యిచట వ్రాయుటకు సిగ్గగుచున్నది. అతడు మాఱుపలుకలేదు, తాళమును ఇయ్యలేదు. ఉద్యోగము పోవునను భయము అతని ముఖమున స్పష్టముగా కనబడుచుండెను. అయినను కదలలేదు.

ఎదుటనే రేకుల కప్పు గల చిన్న కొట్టు. అందొక వృద్ధ మెకానిక్కు. మేము ముందుకు పోయి చరిత్రమంతయు చెప్పబోగా అతడు చేయెత్తి వారించి, "తోలునది యెవరయ్యా?" అనెను. డ్రైవరు ముందుకు వచ్చెను. "తమ్ముడూ! నీవు చెప్పుము" అని, పనిముట్టును చేతబట్టకయే ప్రశ్నలు మొదలు పెట్టెను. వణకు ఏ వేగమున వచ్చును, ఏ వేగమున తగ్గును? చేతులకు తెలియునా, కూర్చున్న సీటుకు తెలియునా? బ్రేకు త్రొక్కినప్పుడే వచ్చునా? ఆక్సిలరేటరు త్రొక్కిన హెచ్చి, వదలిన తగ్గునా? అదే వేగమున గేరు మార్చిన మాఱునా? నిలిచియుండి ఇంజనును హెచ్చుగా త్రిప్పిన వచ్చునా? ఈ మధ్య ఏ గోతిలోనైన పడినదా? ఈ కడపటి ప్రశ్నకు తప్ప తక్కిన వానికన్నిటికిని డ్రైవరు తడుముకొనక బదులు చెప్పెను. కడపటిదానికి మాత్రము మా వంక చూచి యూరకుండెను.

ఒక్కొక్క ప్రశ్నయు ఒక్కొక్క త్రోవను మూసివేయుటకే యని తరువాత గ్రహించితిమి. స్టీరింగు వణకినచో ముందు చక్రములను, సీటును నేలయు వణకినచో వెనుక చక్రములను మొదట అనుమానింపవలెను. బ్రేకుతో మాత్రమే వచ్చు వణకునకు తఱచుగా డిస్కుల మందము సమముగా లేకపోవుట కారణము. త్రొక్కిన హెచ్చి, వదలిన తగ్గునది ఇంజను బలమును చక్రములకు గొనిపోవు ఇరుసు కీలు అరిగెననుటకు గుర్తు. గేరుతోపాటు మాఱునది, నిలిచియున్నప్పుడు సైతము వచ్చునది ఇంజనుదో, దానిని మోయు మౌంటులదో. మూలుగువంటి ధ్వని పుట్టి, వంపులలో హెచ్చుతగ్గులైనచో బేరింగును చూడవలెను. ఇవేవియు గాక రోడ్డుమీది వేగమును మాత్రమే యనుసరించి వచ్చునది చక్రములదో టైర్లదో యగును. మా డ్రైవరు చెప్పిన జవాబులు ఈ కడపటి త్రోవ నొక్కదానినే మిగిల్చెను. రెండు నెలలుగా ఆ జవాబులన్నియు మా బండి ముందు సీటులోనే కూర్చుండి యుండెను!

వేగమునకును వణకునకును గల సంబంధమును గూర్చి రెండు మాటలు చెప్పవలెను. మా బండి చక్రపు చుట్టుకొలత సుమారు 1.95 మీటర్లు. గంటకు 90 కిలోమీటర్లనగా సెకనుకు 25 మీటర్లు. అనగా చక్రము సెకనుకు 13 మాఱులు తిరుగును. రిమ్ము అంచున 30 గ్రాముల బరువు ఒకవైపున హెచ్చినచో, గంటకు 45 కిలోమీటర్ల వేగమున అది దాదాపు 1 కిలో బరువంత బలముతో చక్రమును లాగును. వేగము రెట్టింపైనచో లాగుడు నాలుగు రెట్లగును; 90 దగ్గఱ అది దాదాపు 4 కిలోలు. ఇంతేకాదు. స్ప్రింగుల క్రింద వ్రేలాడు చక్రమునకును ఇరుసునకును తమదైన యొక ఊపు కలదు. ఉయ్యాల నూపువాడు సరిగా దాని ఊపునకు తగినట్లు త్రోసినచో చిన్నత్రోపుకే అది యెత్తుగా లేచును. చక్రపు త్రిప్పటయు ఆ ఊపును కలిసిన వేగమున వణకు ముదురును. ఆ వేగమును దాటినచో తగ్గినట్లుండును. మా బావమఱది వైద్యము ఇట్టిది. రోగము పోలేదు, పలుకరించుట మానినది.

తరువాత వృద్ధుడు జాకీ పెట్టి చక్రముల నెత్తెను. నట్లు బిగువుగా నున్నవో లేవో చూచెను. రిమ్ముల లోపలివైపున చేయి పెట్టి తడవి చూచెను; పొలముల దారిలో రేగడిమన్ను అచట పేరుకొని యెండినచో అదియొక్కటియే చాలునట. మన్ను లేదు. అంతట వెనుక ఎడమ చక్రమును ముందునకును, ముందుదానిని వెనుకకును మార్చి, డ్రైవరును ప్రక్కన కూర్చుండబెట్టుకొని తానే తోలుకొని పోయెను. తిరిగివచ్చి "ఇప్పుడు స్టీరింగు వణకుచున్నది" అనెను. మన వైద్యులు నిదానపంచకమున ఉపశయమను దానిని చెప్పిరి. ఒకటి మార్చి చూచి, రోగమెట్లు స్పందించునో దానిచేత కారణమును నిర్ణయించుట. ఆ పేరు ఆ వృద్ధుడు వినియుండడు. ఆ పని మాత్ర మెఱుగును.

చక్రము నెత్తి, టైరునకు వెండ్రుకవాసి దూరమున స్క్రూడ్రైవరు మొనను నిలిపి, మెల్లగా త్రిప్పెను. ఒక్కచోట టైరు మొనను తాకెను. త్రిప్పిన ప్రతిమాఱును అచటనే తాకెను. లోపలివైపు ప్రక్కగోడమీద, బయట నిలిచి చూచువారి కంటబడని తావున, నిమ్మకాయంత ఉబ్బు. "లోపలి దారములు తెగినవి. ఇచట గాలిని పట్టియున్నది ఉత్త రబ్బరు" అనెను. యంత్రముమీద సున్న వచ్చినది గదా యని మేమడిగితిమి. కోడిగ్రుడ్డును సైతము తూకము కుదిర్చి త్రిప్పవచ్చును, దానిని నేలమీద దొర్లించినప్పుడు గదా సంగతి యని అతడు నవ్వెను. మేము నవ్వలేకపోతిమి. ఆ చక్రము మీదనే మా పిల్లలు కూర్చుండిరి. 110 వేగమున "అదియే పోవును" అను మాట మా చెవులలో మరల మ్రోగెను.

ఇక కడపటి ప్రశ్నకు జవాబు మేమే చెప్పవలసివచ్చెను. మూడు నెలలకు ముందు ఒక రాత్రి పల్లెనుండి తిరిగి వచ్చుచు, త్వరగా తోలుమని మేమే తొందరపెట్టగా, ఒక కల్వర్టు చెంత బండి గోతిలో పడినది. పెద్ద చప్పుడైనది. దిగి చూచెదనని డ్రైవరన్నాడు. ప్రొద్దుపోయినది, పోనిమ్మని మేమంటిమి. గోతి యంచునకును రిమ్మునకును నడుమ టైరు నలిగినప్పుడు లోపలి దారములు తెగునని మేమెఱుగము. కాని చప్పుడు వింటిమి గదా! రోగమునకు మొదటి కారణము ఆ గోయి కాదు, మా నోటినుండి వచ్చిన "పోనిమ్ము" అను మాట.

ఈ మాటను మనమెన్నిచోట్ల అనుచున్నాము? ఇంట కోడలు నడుము నొప్పి యన్నప్పుడు పోనిమ్మందుము. పిల్లవాడు పలక మీది యక్షరములు కనబడవన్నప్పుడు సోమరియందుము. బావిలోని నీరు రుచి మాఱినదని పనిమనిషి చెప్పిన వినము; పదిమంది మంచమెక్కిన పిమ్మట మందులకు పరుగెత్తుదుము. నలుగురు నాలుగు చికిత్సలు చేయుదురు. బాధను నిత్యము మోయువానిని మాత్ర మెవ్వరు నడుగరు. వాని మాటను త్రోసిపుచ్చుటకు వాని మాటలో దోషముండ నక్కఱలేదు. వాడు మనకంటె తక్కువవాడను భావము చాలును. చదువున్నవాడు కొలతలెఱుగవచ్చును. వణకును ఎఱిగినవాడు చక్రము పట్టినవాడే.

వృద్ధుడు స్టెప్నీని తగిలించి, నడిపి చూచి, చిన్న కూలిమాత్రమే పుచ్చుకొనెను. తిరిగి వచ్చిన పిమ్మట వెనుక జంటగా రెండు టైర్లును క్రొత్తవి వేయించితిమి. చదువరులకు ఒక్క హెచ్చరిక: వణకు హఠాత్తుగా పుట్టినను, దినదినము హెచ్చుచున్నను బ్రేకును గట్టిగా త్రొక్కక, మెల్లగా వేగము తగ్గించి, ప్రక్కకు దిగి, నట్లను, టైర్ల యిరుప్రక్కలను చూచుకొనవలెను. చూచువఱకు వేగముగా పోరాదు.

నాడు మేము ముహూర్తమునకు అందలేదు. విందునకు మాత్ర మందితిమి. పంక్తిలో కూర్చుండబోవుచు డ్రైవరు కొఱకు చూచితిమి. అతడు వెలుపల బండి చెంత మోకాళ్లమీద కూర్చుండి నాలుగు టైర్ల లోపలివైపును చేతితో తడవి చూచుచుండెను. మేము వెలుపలికి పోయి, అతని చేయి పట్టుకొని లోనికి పిలుచుకొనివచ్చి, మా ప్రక్క విస్తరి వేయించితిమి. నాడన్న మాటలకు క్షమింపుమని అడుగవలెనని యుండెను; నోరు రాలేదు. ఇప్పుడు బండిలో ఒక చిన్న పుస్తకము పెట్టితిమి. అందులో అతడు తనకు తోచినది తేదీతో వ్రాయును. మేము దానిక్రింద "చూపించితిమి" అనియే వ్రాయవలెనుగాని "పోనిమ్ము" అని వ్రాయరాదని నియమము. నిన్న అతడు వ్రాసినది: "స్టీరింగు సన్నగా అదరుచున్నది. 85 దగ్గఱ." ఈ వ్యాసమును ముగించి, బండిని చూపించుటకు బయలుదేఱుచున్నాము.