ఇమేజ్ మధ్యలో ఆగిపోతే

కంప్యూటర్ పాడైందని మా షాపుకి వచ్చేవాళ్ళలో ఎక్కువమందికి కావలసింది ఫైళ్ళు. పిల్లల ఫోటోలు, టాలీ డేటా, సర్టిఫికెట్ల పీడీఎఫ్‌లు. అవి ఎక్స్‌టర్నల్‌లోకి ఎక్కించి ఇస్తే సంతోషంగా వెళ్ళిపోతారు. కానీ విజయవాడ గవర్నర్‌పేటలో సిస్టం సర్వీసు చేసేవాడి దగ్గరికి ఇంకో రకం గిరాకీ కూడా వస్తుంది. వాళ్ళకు ఫైళ్ళు చాలవు, హార్డ్ డిస్కు మొత్తం ఉన్నదున్నట్టు కావాలి. రక్తపరీక్షల ల్యాబుల్లో మెషీనుకు తగిలించిన సిస్టంలు అలాంటివి. డీటీపీ సెంటర్లు మరీను.

డీటీపీ వాళ్ళ సంగతి తెలియనివాళ్ళకు కాస్త చెప్పాలి. విండోస్ 7, అందులో పేజ్‌మేకర్ 7, పక్కన అనూ స్క్రిప్ట్ మేనేజర్. పేజ్‌మేకర్ 7 వచ్చింది 2001లో. ఆ తర్వాత దానికి కొత్త వెర్షన్ లేదు. అయినా శుభలేఖలు, కరపత్రాలు దాంట్లోనే చేసేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. పాత అనూ ఫాంట్లు యూనికోడ్ కావు. ఆ ఫాంట్లు లేని సిస్టంలో ఫైలు తెరిస్తే తెలుగు ఉండాల్సిన చోట ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ కలగాపులగంగా కనిపిస్తాయి. సీడీలు ఎక్కడున్నాయో యజమానికి తెలీదు, ఇన్‌స్టాల్ చేసిన కుర్రాడు ఏ ఊళ్ళో ఉన్నాడో తెలీదు. ఆపరేటరు వేళ్ళకు ఆ కీబోర్డు అలవాటైపోయింది. అలాంటి సిస్టంలో ఫైళ్ళు మాత్రమే కాపీ చేసి ఇవ్వడమంటే యజమానికి ఆయన వ్యాపారంలో సగమే తిరిగి ఇచ్చినట్టు. విండోస్, సాఫ్ట్‌వేర్లు, ఫాంట్లు, సెట్టింగులు, బూట్ అయ్యే భాగంతో సహా మొత్తం డిస్కును ఒక ఇమేజ్‌గా తీసి పెట్టాలి.

ఈ పని కొత్తది కాదు. న్యూజిలాండ్‌లో మర్రే హజార్డ్ రాసిన ఘోస్ట్ అనే ప్రోగ్రాం 90ల నడుమ వచ్చింది, 1998లో సిమాంటెక్ దాన్ని కొనుక్కుంది. పాత మెకానిక్కులు ఇప్పటికీ ఏ ఇమేజ్‌నైనా ఘోస్ట్ అనే అంటారు. పనిముట్లు మారాయి గానీ మధ్యలో ఆగిపోయే రోగం మారలేదు. ఎర్రర్ రాగానే చాలామంది ఓకే కొట్టి మళ్ళీ మొదలుపెడతారు, మళ్ళీ ఆగుతుంది, మళ్ళీ మొదలుపెడతారు. ఆ ఎర్రర్‌ను చదివే ఓపిక లేకపోవడం వల్ల పోయిన డిస్కులను చాలా చూశాను. అందుకే ఇది రాస్తున్నాను.

ఇమేజ్ తీసేటప్పుడు తప్పు జరగడానికి ఐదు చోట్లున్నాయి. చదవాల్సిన డిస్కు, రాయాల్సిన డిస్కు, రెండింటి మధ్య కేబులు, కరెంటు, ఇక విండోస్ లోపల జరిగే ఏర్పాటు. ఎర్రర్ వీటిలో దేన్ని చూపిస్తోందో తేల్చుకునే దాకా చేయి కదపకూడదు.

లోపలి ఏర్పాటు సంగతి ముందు చెబుతాను, ఎందుకంటే అది భయపెడుతుంది గానీ ప్రమాదం లేనిది. విండోస్ నడుస్తూ ఉండగానే ఇమేజ్ తీయాలంటే ఫైళ్ళు మారిపోతూ ఉంటాయి కదా. అందుకని వాల్యూమ్ షాడో కాపీ అనే సర్వీసు, గ్రూప్ ఫోటోకి అందరినీ ఒక్క క్షణం కదలకుండా నిలబెట్టినట్టు, డిస్కు స్థితిని ఒక క్షణం దగ్గర పట్టి ఉంచుతుంది. అలా పట్టి ఉంచడానికి ప్రతి పార్టిషన్‌లోనూ కొంత ఖాళీ కావాలి. చిక్కంతా అక్కడే.

ఒక డీటీపీ సెంటరు పెద్దాయన ఫోన్ చేశారు. నేను ఆయన్ని బాబాయ్ గారనే పిలుస్తాను.

"ఏమయ్యా, కొత్త ఎక్స్‌టర్నల్ కొన్నా, మొత్తం ఖాళీయే. సీ డ్రైవ్‌లో కూడా సగం ఖాళీ. అయినా చోటు చాలదంటోంది."

"ఎర్రర్ నంబరు చదవండి బాబాయ్ గారూ."

"ఏదో సున్నా, ఎక్స్... తర్వాత 80780119."

ఆ నంబరు వింటే నాకు ప్రాణం కుదుటపడుతుంది, ఎందుకంటే డిస్కు చెడిపోయిందని చెప్పే నంబరు కాదది. ఖాళీ లేనిది సీ డ్రైవ్‌లోనూ కాదు, ఎక్స్‌టర్నల్‌లోనూ కాదు. విండోస్ 7 ఇన్‌స్టాల్ అయ్యేటప్పుడు సిస్టం రిజర్వ్‌డ్ అని 100 ఎంబీల చిన్న పార్టిషన్ ఒకటి చేసుకుంటుంది. దానికి డ్రైవ్ అక్షరం ఉండదు, మై కంప్యూటర్‌లో కనపడదు. 500 ఎంబీల లోపు పార్టిషన్ అయితే కనీసం 50 ఎంబీలు, అంతకు మించితే 320 ఎంబీలు ఖాళీ ఉండాలని ఆ ఎర్రర్ కిందే రాసి ఉంటుంది. 100లో 50 కూడా మిగలకపోతే పని ఆగుతుంది. కొత్త సిస్టంలలో రికవరీ పార్టిషన్ దగ్గర ఇదే గొడవ.

ఆ సిస్టం నా ముందుకు వచ్చాక డిస్క్ మేనేజ్‌మెంట్‌లోకి వెళ్ళి ఆ చిన్న పార్టిషన్‌కి తాత్కాలికంగా ఒక అక్షరం ఇచ్చాను. దాంట్లో చోటు తింటున్నది చాలాసార్లు యూఎస్ఎన్ జర్నల్, అంటే మార్పుల చిట్టా. ఎఫ్ఎస్ యుటిల్ కమాండ్‌తో దాన్ని తీసేస్తే సరిపడా ఖాళీ వచ్చింది. అక్షరం మళ్ళీ తీసేశాను. బూట్ ఫైళ్ళు ఉండేది అందులోనే కాబట్టి అక్కడ ఇంకేదీ ముట్టుకోకూడదు.

ఈ సర్వీసులోనే ఇంకో తగాదా ఉంటుంది. అడ్మినిస్ట్రేటర్‌గా కమాండ్ ప్రాంప్ట్ తెరిచి వీఎస్ఎస్ అడ్మిన్ లిస్ట్ రైటర్స్ అని కొడితే రైటర్ల జాబితా వస్తుంది. ప్రతిదాని కిందా స్టేబుల్, నో ఎర్రర్ అని ఉండాలి. ఏదైనా ఫెయిల్డ్ అని ఉంటే సిస్టం ఒకసారి రీస్టార్ట్ చేస్తే చాలాసార్లు సర్దుకుంటుంది. రెండు మూడు బ్యాకప్ సాఫ్ట్‌వేర్లు ఒకే సిస్టంలో వేసి ఉంటే అనవసరమైనవి తీసేయాలి.

బాబాయ్ గారి సిస్టంలో చోటు గొడవ తీరాక ఇమేజ్ మొదలైంది. సగం దాటాక మళ్ళీ ఆగింది. ఈసారి వచ్చిన ఎర్రర్ వేరు: డేటా ఎర్రర్, సైక్లిక్ రిడండెన్సీ చెక్. నా పద్ధతి ఇక్కడ పూర్తిగా మారిపోతుంది. ఇందాకటిది విండోస్ చెప్పిన అభ్యంతరం, ఇది డిస్కు చెబుతున్నది. ఒక సెక్టార్‌లో, అంటే డిస్కు మీది ఒక చిన్న గడిలో, ఉన్నది చదివితే దాని పక్కన రాసి ఉన్న తనిఖీ సంఖ్యతో పొసగడం లేదని దీని అర్థం. అలాంటి చోట డిస్కు మళ్ళీ మళ్ళీ చదవడానికి ప్రయత్నిస్తుంది. హెడ్లు నలుగుతాయి.

నేను మొదట చేసేది ఇమేజ్ సాఫ్ట్‌వేర్ మూసేసి క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో తెరవడం. డిస్కు తన ఆరోగ్యం గురించి తానే రాసుకునే స్మార్ట్ లెక్కలు అందులో కనిపిస్తాయి. నేను చూసేవి నాలుగే. 05 అంటే చెడిపోయి పక్కకు మార్చిన సెక్టార్లు. సీ5 అంటే చదవడానికి రాక తేలకుండా ఉన్నవి. సీ6 సరిదిద్దలేనివి. సీ7 మాత్రం డిస్కుది కాదు, అది కేబులు మీద డేటా చెడిపోయిన లెక్క. సీ7 ఒక్కటే పెరుగుతూ మిగతా మూడూ సున్నాలుగా ఉంటే సాటా కేబులు మార్చి చూడండి. కేబులుతో పోయేదానికి కొత్త డిస్కు కొనిపించడం అన్యాయం. ఒక జాగ్రత్త: సీ7లో పాత లెక్క కేబులు మార్చినా తగ్గదు, పెరగడం ఆగిందా లేదా అన్నదే చూడాలి.

బాబాయ్ గారి డిస్కులో సీ7 సున్నా. సీ5 మాత్రం పదుల్లో ఉంది, చూస్తుండగానే ఇంకాస్త పెరిగింది.

పక్కన నిలబడ్డ ఆపరేటరు "చెక్‌డిస్క్ కొడదాం అన్నా, బ్యాడ్ సెక్టార్లు సరిచేస్తది కదా" అన్నాడు. అందరూ చెప్పే మాటే అది. దానికి నేను గట్టిగా అడ్డుపడతాను. చెక్‌డిస్క్ ఫైల్ సిస్టంను సరిచేసే పనిముట్టు, పోతున్న డిస్కులోంచి డేటాను కాపాడేది కాదు. ఆర్ స్విచ్‌తో నడిపితే డిస్కు మొత్తాన్నీ చదువుతుంది, ఫైళ్ళ పట్టికలను అదే డిస్కు మీద తిరగరాస్తుంది. తెగిపోయాయనుకున్న ఫైళ్ళను ముక్కలు చేసి పక్కన పడేస్తుంది. మంచి డిస్కు మీద అది మంచిదే. సీ5 పెరుగుతున్న డిస్కు మీద ఇమేజ్ తీయకముందు చెక్‌డిస్క్ కొట్టడం నా షాపులో ఒప్పుకోను.

సిస్టం ఆపేసి డిస్కు బయటికి తీశాను. పెన్‌డ్రైవ్‌లోంచి లినక్స్ ఎక్కించిన వేరే సిస్టంకి ఈ డిస్కునూ, దానికంటే పెద్దదైన ఖాళీ డిస్కునూ తగిలించాను. యూపీఎస్ మీదే పెట్టాను. ఇక్కడ వాడింది జీఎన్‌యూ డీడీరెస్క్యూ, ఉచితం. చదవడానికి రాని చోట అది పట్టుకు వేలాడదు. దాన్ని వదిలి ముందుకు దూకి, తేలిగ్గా వచ్చేదంతా ముందు తీసుకుంటుంది, కష్టమైన చోట్లకు తర్వాత తిరిగొస్తుంది. ఏది వచ్చిందో ఏది రాలేదో మ్యాప్ ఫైలులో రాసుకుంటుంది. వచ్చిన చోటికి ప్లస్, చెడ్డ సెక్టార్‌కి మైనస్, ఇంకా ముట్టని చోటికి ప్రశ్న గుర్తు. కరెంటు పోయినా, డిస్కు వేడెక్కి మనమే ఆపినా, ఆ మ్యాప్ ఫైలు ఉంటే ఆగిన చోటి నుంచే మొదలవుతుంది. కాబట్టి మ్యాప్ ఫైలు పేరు ఇవ్వకుండా ఆ కమాండ్ ఎప్పుడూ కొట్టకూడదు. మూలం ఏది, గమ్యం ఏది అన్నది సైజు, సీరియల్ నంబరు చూసి తేల్చుకున్నాకే ఎంటర్ నొక్కాలి. అటూ ఇటూ అయితే ఖాళీ డిస్కు వచ్చి నిండు డిస్కు మీద పడుతుంది.

తెర మీద రెస్క్యూడ్ అన్న చోట శాతం పెరుగుతుంటుంది. దాని దగ్గరే చివరిసారి చదవగలిగి ఎంతసేపైందో చూపించే లెక్క ఉంటుంది. నేను శాతం కంటే దాన్నే చూస్తాను. అది సున్నా దగ్గర తిరుగుతున్నంతసేపు డిస్కు సహకరిస్తున్నట్టు. నిమిషాలు గడుస్తూ ఉంటే ఆపి, చల్లారనిచ్చి, మళ్ళీ మొదలుపెడతాను. టక్ టక్ మని లోపలి నుంచి చప్పుడు వస్తే మాత్రం అక్కడితో ఆపేయాలి. అది డిస్కు తెరిచి పనిచేసే క్లీన్‌రూమ్ ఉన్న రికవరీ వాళ్ళకు ఇవ్వాల్సిన కేసు, మాలాంటి షాపులది కాదు.

మొదటి విడతలోనే దాదాపు అంతా వచ్చేసింది. మిగిలిన చెడ్డ చోట్ల కోసం రెండో విడతను రాత్రంతా వదిలేశాను. చెక్‌డిస్క్ ఆ తర్వాత కొట్టాను, అసలు డిస్కు మీద కాదు, కాపీ మీద. చదవడానికి రాని చోట్లు ఏ ఫైళ్ళలో పడ్డాయో కనుక్కోవడానికి డీడీరెస్క్యూలోనే దారి ఉంది: కాపీలో ఆ చోట్లన్నిటినీ ఒక గుర్తు మాటతో నింపి, ఆ మాట ఏ ఫైళ్ళలో ఉందో వెతకడం. చాలా వరకు విండోస్ తాత్కాలికంగా వాడుకునే పేజ్ ఫైలులో పడ్డాయి, దాంతో నష్టం లేదు. కొన్ని పాత శుభలేఖల ఫైళ్ళు దెబ్బతిన్నాయి. బాబాయ్ గారు వేసిన ప్రతి కార్డూ ఒకటి శాంపిల్ ఆల్బంలో అంటించి ఉంచుతారు. "కావాలంటే చూసి మళ్ళీ కట్టుకుంటాంలే" అన్నారు. కొత్త డిస్కుతో సిస్టం ఆన్ అయ్యాక ఆపరేటరు మొదట చేసింది పేజ్‌మేకర్ తెరిచి తెలుగులో ఒక పేరు కొట్టి చూడడం.

రాసే డిస్కు వైపు తప్పులు ఇంత బాధ పెట్టవు, అయినా తెలిసి ఉండాలి. ఇమేజ్ కచ్చితంగా 4 జీబీల దగ్గర ఆగితే ఎక్స్‌టర్నల్ ఫ్యాట్32లో ఉందేమో చూడండి, అందులో ఒక్క ఫైలు 4 జీబీలకు చేరదు. ఎన్‌టీఎఫ్ఎస్‌గా ఫార్మాట్ చేయాలి, అంతకుముందే అందులో ఉన్నది తీసిపెట్టుకోవాలి. ఎక్స్‌టర్నల్ మధ్యలో మాయమైపోతుంటే క్యాబినెట్ ముందున్న యూఎస్‌బీ కాకుండా వెనక మదర్‌బోర్డుకు నేరుగా ఉన్నదానికి పెట్టండి, స్లీప్ ఆపేయండి. విండోస్ సొంత ఇమేజ్ వాడేవాళ్ళకు ఇంకో మాట. రెండోసారి తీస్తే పాత ఇమేజ్ పోయి కొత్తది ఆ స్థానంలోకి వచ్చేయొచ్చు, పాతది ఉంచుకోవాలంటే ఆ ఫోల్డర్ పేరు మార్చి పెట్టాలి. పైగా 500 జీబీ డిస్కు ఇమేజ్‌ను 256 జీబీ ఎస్ఎస్‌డీ మీదికి ఆ పద్ధతిలో దించలేం, లోపల డేటా ఎంత తక్కువున్నా సరే. ఎస్ఎస్‌డీ కొనేముందే అడగండి.

విండోస్‌లో ఉన్న ఈ ఇమేజ్ సదుపాయాన్ని ఇక అభివృద్ధి చేయబోమని మైక్రోసాఫ్ట్ 2017లోనే చెప్పింది. తైవాన్ నుంచి వచ్చే క్లోన్‌జిల్లా ఉచితం, నమ్మదగింది. తెర చూస్తే మొదట కాస్త భయమేస్తుంది, అంతే. కొత్త ల్యాప్‌టాప్‌లలో డిస్కు ఎన్‌క్రిప్ట్ అయి వస్తోంది, యజమానికి ఆ సంగతే తెలీదు. బయట నుంచి ఇమేజ్ తీస్తే అదీ తాళంతోనే వస్తుంది. రికవరీ కీ 48 అంకెలు ఉంటుంది, మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో దొరుకుతుందేమో ముందే చూసి కాగితం మీద రాసుకోండి.

పని పూర్తయిందని తెర మీద వచ్చినంత మాత్రాన నేను ఇమేజ్ ఇవ్వను. దాన్ని వేరే డిస్కు మీదికి దించి, బూట్ చేసి, యజమాని రోజూ వాడే ప్రోగ్రాం తెరిచి చూపించాకే డబ్బు తీసుకుంటాను. మీ మెకానిక్‌ను కూడా అలాగే చూపించమని అడగండి. ఎర్రర్ వస్తే దాన్ని ఫోన్‌తో ఫోటో తీయండి, నంబరు కనపడేలా. మళ్ళీ స్టార్ట్ నొక్కకుండా సిస్టం ఆపేసి ఆ ఫోటో తీసుకురండి.