మంచం కింద పొయ్యి

ముసురు పట్టిన రోజున పప్పుచారులోకి అప్పడం ఉండాల్సిందే. నూనెలో పొంగుతున్న దాన్ని చూసినప్పుడల్లా, ఇంత పలచటి వస్తువు మీద ఒక సంస్థ ఎలా నిలబడిందా అనిపిస్తుంది.

1959 మార్చి 15న బొంబాయి గిర్గావ్‌లో ఏడుగురు గుజరాతీ ఇల్లాళ్లు మేడ మీద కూర్చుని అప్పడాలు ఒత్తారు. పెట్టుబడి 80 రూపాయలు, అదీ అప్పు. మొదటిరోజు సరుకు నాలుగు పొట్లాలు. అదే లిజ్జత్. నష్టమొచ్చినా సరే, ఎవరినీ విరాళం అడగకూడదని ముందే అనుకున్నారట. చేతిలో ఏమీ లేనప్పుడు పెట్టుకున్న నియమం! కలిగినవాళ్ల నియమాలకు అంత బరువుండదు.

మొదటి వానాకాలం వాళ్లను ఓడించింది. ఎండ లేక నాలుగు నెలలు పని ఆగిపోయింది. మరుసటి ఏడు ఒక మంచం, ఒక పొయ్యి కొన్నారు. మంచం మీద అప్పడాలు, కింద సెగ. ఆ కథంతటిలో నాకు నచ్చేది ఇదే. ఇప్పటి మనమైతే ఆ నాలుగు నెలలూ పెట్టుబడిదారుల చుట్టూ తిరిగేవాళ్లం.

మా ఇంట్లోనూ వేసవిలో డాబా మీద పాతచీర పరిచి వడియాలు పెట్టేవారు. మబ్బు కమ్మితే పిల్లా పెద్దా అందరం పరుగే. ఆ పరుగులో ఒక వ్యాపారం దాగి ఉందని మాలో ఎవరికీ తోచలేదు. తోచినా, పొయ్యి దాకా ఆలోచన సాగేదా? అనుమానమే.

ఆ ఏడుగురిలో ఒకరైన జస్వంతీబెన్ పోపట్‌కు 2021లో పద్మశ్రీ ప్రకటించారు. ఇవాళ అక్కడ వేలమంది ఆడవాళ్లు పనిచేస్తున్నారు. అందరూ సంస్థలో సభ్యులే. లాభమైనా నష్టమైనా అందరిదీ.