కర్బూజ నారుకు నాచు టానిక్

ఎండాకాలంలో చల్లని కర్బూజ ముక్కలంటే ఇష్టపడని ఇల్లుంటుందా? ఆ కాయ మన మేడ మీదే కాస్తే ఇంకా ముచ్చట! మా నిజాంపేట అపార్ట్‌మెంట్ మేడ మీద ఏటా జనవరి చివర్లో కర్బూజ గింజలు వేస్తుంటాను. చిక్కంతా నారు దగ్గరే. ఈ మొక్క వేరు కదిపితే ఓర్చుకోదు. అందుకే గింజ నుంచే గట్టి నారు తయారుచేసుకోవాలి. సంకర రకం గింజల ధర మీకు తెలియంది కాదు కదా!

నారుకు నాచు బలమిస్తుందంటే వింతగా ఉందా? వరిమళ్లలో తేలే నీలి ఆకుపచ్చ నాచు గాలిలోని నత్రజనిని పట్టి పైరుకు అందిస్తుందని పి.కె.డే అనే శాస్త్రవేత్త 1939లోనే చూపించారు. మనం టానిక్ షాపుల్లో చూసే స్పైరులినా కూడా కంటికి విడిగా ఆనని నాచే. ఇది నత్రజనిని పట్టదు గానీ, ఇందులోని అమినో ఆమ్లాలు, ఇతర పదార్థాలు వేళ్లను, చిగుళ్లను పురికొల్పుతాయి. అయితే ఇది ఎరువు కాదు సుమండీ! బిడ్డకు టానిక్ పట్టామని పాలు మాన్పిస్తామా?

నేను చేసే పద్ధతి చెబుతాను. లీటరు నీళ్లలో టీస్పూనులో మూడో వంతు స్పైరులినా పొడి కలిపి, మూడు నాలుగు గంటలుంచి, పలుచని గుడ్డతో వడకట్టండి. అందులో గింజల్ని ఐదారు గంటలు నానబెట్టండి. కొబ్బరి పొట్టు, వానపాముల ఎరువు సమంగా నింపిన కప్పుల్లో అర అంగుళం లోతున నాటండి. అడుగున చిల్లులు మరవకండి. అసలు ఆకు విచ్చుకున్నాక వారానికోసారి పొద్దున్నే ఆకులపై చిలకరించండి. ఏ రోజు నీళ్లు ఆ రోజే వాడాలి, నిలవుంటే కంపు కొడతాయి. రెండు మూడు ఆకులు రాగానే మట్టిగడ్డ చెదరకుండా కుండీలోకి మార్చండి.

నాచే కదా అని చెరువు పచ్చనీళ్లు మాత్రం తెచ్చి పోయకండి! మురుగు కలిసిన చెరువుల్లో పెరిగే మైక్రోసిస్టిస్ అనే నాచు విషం కాలేయానికి చేటు. కప్పులో మట్టి మీద పచ్చగా పాకిన నాచూ మంచిది కాదు. తడి ఎక్కువైందనడానికి అది గుర్తు. అలా వదిలేస్తే నారుకుళ్లు వస్తుంది.

బజారులో మొక్కల టానిక్ సీసా కొంటే చీటీ చదవండి. ఇలాంటి జీవ ఉత్ప్రేరకాలను 2021లో కేంద్రం ఎరువుల నియంత్రణ ఉత్తర్వు కిందికి తెచ్చింది. అందులో ఏముందో, ఎంత మోతాదో రాసి లేకపోతే వద్దనేయండి.

ముందు సగం కప్పులకే వాడి, మిగతా సగానికి మామూలు నీళ్లు పోయండి. తేడా మీ కళ్లే చెబుతాయి. తేడా లేకపోతే, ఆ డబ్బుతో మరో గుప్పెడు గింజలు కొనుక్కోండి!