20 అడుగుల పైపు లెక్క

హనుమకొండలో మే ఎండ 43 డిగ్రీలు దాటిందంటే పెరట్లో టమాటా పూత నిలవదు. కొత్తిమీర మొలిచినా వారం తిరక్కుండా మాడిపోతుంది. బడి నుంచి రిటైరయ్యాక పెరడే నా లోకమైంది. ఏటా ఎండాకాలం మడులన్నీ ఎండబెట్టుకుని కూర్చోవడానికి మనసొప్పక, 2022 ఫిబ్రవరిలో ఇంటి వెనక గ్రీన్‌హౌస్ వేయించాలని నిశ్చయించుకున్నాను.

ఒహాయోలో ఉన్న మా అబ్బాయి తమ పెరట్లోని పాలికార్బొనేట్ గది వీడియో పంపి, "అమ్మా, ఇలాంటిదే వేయించు, డబ్బులు పంపిస్తా" అన్నాడు. మంచు కురిసే చోట వేడిని పట్టి ఉంచడానికి కట్టిన గది అది. మన దగ్గర అదే కడితే మధ్యాహ్నానికి లోపలి మొక్కలు ఉడికిపోతాయి. ఫ్యాన్లు, తడి ప్యాడ్లు పెట్టి చల్లబరచవచ్చు గానీ, నాలుగు మడుల కోసం అంత కరెంటు దండగ. మన ఎండకు కావలసింది నీడ, గాలి. రెండూ ఇచ్చేది షేడ్‌నెట్. ప్రభుత్వ రాయితీ ఉంది గానీ అది సాగుభూమి ఉన్న రైతులకు, పెరళ్లకు కాదు. అబ్బాయి డబ్బు వద్దన్నాను. కాలనీలో వేస్తున్న చిట్టీ చివరి నెలలకు వచ్చింది. అప్పుడైతే పాటలో పోయేది తక్కువ. ఆ నెల ఎత్తుకున్నాను.

ఇక కొలతలు. జీఐ పైపు 20 అడుగుల పొడవున వస్తుంది. అందుకే పందిరి పొడవు 20 అడుగులు పెట్టాను. స్తంభం 10 అడుగులు: 2 అడుగులు నేలలోకి, 8 పైకి. ఒక పైపు కోస్తే సరిగ్గా రెండు స్తంభాలు, ముక్క మిగలదు. వెడల్పు కూడా 10 పెడదామనుకున్నాం గానీ, నెట్టు వెడల్పు 3 మీటర్లు, అంటే 10 అడుగులకు రెండంగుళాలు తక్కువ. తొమ్మిదిన్నరకు దించితే కప్పు మీద ఒకే పట్టీ అతుకు లేకుండా సరిపోయింది. ఈ లెక్కంతా నోటుబుక్కులో గీసి పెట్టుకుని అప్పుడు కొట్టుకు వెళ్లాను.

మేస్త్రీ కాగితం చూసి, "గింత చిన్నదానికి గంత మందం పైపెందుకు టీచరమ్మా? లైట్ది ఏస్తే సగం పైసలు మిగుల్తయి" అన్నాడు. పనివాడు మంచివాడే, నా ఖర్చు తగ్గించాలనే అన్నాడు. నేను మాత్రం ఆరు స్తంభాలకూ ఒకటిన్నర ఇంచీ మీడియం పైపే పట్టుబట్టాను. పైన అడ్డాలకు ఒక ఇంచీ చాలు. ఇంకో సంగతి: జీఐ పైపును వెల్డింగ్ చేస్తే ఆ చోట జింకు పూత కాలిపోయి, తుప్పు అక్కడే మొదలవుతుంది. అందుకని క్లాంపులు, బోల్టులతో బిగించమన్నాను. గుంతల్లో కాంక్రీటు పోశాక వారం రోజులు నీళ్లు పట్టి, ఆ తర్వాతే పైపని మొదలుపెట్టనిచ్చాను.

సామాను నేనే కొన్నాను. కూలీ మూడు విడతలు: గుంతలు నిండాక కొంత, చట్రం నిలబడ్డాక కొంత, నెట్టు బిగిశాక మిగతాది. ఇద్దరికీ మాట రాకుండా పని సాగింది. ఆ ఏడు ఇనుము ధర మండిపోతోంది. పైపులకే 15 వేల పైచిలుకు అయ్యింది. కూలీ 6 వేలు. సిమెంటు, ఇసుక, కంకర, క్లాంపులు కలిపి 4 వేలు. నెట్టుకు 3 వేలు కూడా కాలేదు. కప్పుకు 50 శాతం నీడనిచ్చేది, పడమటి ఎండ సూటిగా కొడుతుంది కాబట్టి ఆ పక్కకు 75 శాతంది తీసుకున్నాం.

ఆ మేలోనే ఒక సాయంత్రం గాలిదుమారం లేచింది. మబ్బు ఎర్రగా కమ్మి, వెనక వీధిలో ఎవరిదో రేకు ఎగిరి గోడకు కొట్టుకున్న చప్పుడు వినిపించింది. నేను వంటింటి కిటికీ దగ్గరే నిలబడి చూశాను. తూర్పు పక్క నెట్టు తాడు తెగి, జెండాలా కొట్టుకుంది. కప్పు లేచి లేచి పడింది. ఆరు స్తంభాల్లో ఒక్కటీ కదల్లేదు. తెల్లవారి మేస్త్రీ వచ్చి తాడు కట్టి, స్తంభాన్ని చేత్తో ఊపి చూసి, "మీరన్నదే కరెక్టు టీచరమ్మా" అని వెళ్లాడు.

ఆ నెలాఖరుకు ఆ నీడలో కొత్తిమీర కోశాను. బజార్లో చిన్న కట్ట కూడా ప్రియమైన రోజులవి. పక్కింటి వదినకు, ఎదురింటివాళ్లకు పిడికెడు పిడికెడు పంచాను. టమాటా మాత్రం ఆ వేడికి నీడలోనూ అంతంతమాత్రమే కాసింది. షేడ్‌నెట్ వేస్తే ఏడాదంతా అన్నీ కాస్తాయని ఎవరైనా చెబితే నమ్మకండి.

మీరూ వేయించుకోవాలనుకుంటే డబ్బంతా నెట్టు మీద, హంగుల మీద పెట్టకండి. స్తంభాల మీద, పునాది మీద పెట్టండి. నెట్టు ఎండకు చివికి నాలుగైదేళ్లకు మార్చక తప్పదు. మాది ఈ ఎండాకాలం దాటితే మార్చాలి, అందుకు డబ్బులు పక్కన పెట్టాను. స్తంభాల జోలికి పోయే పని లేదు.