పలకరాళ్ళ సీమలో ఒక రోజు

మార్కాపురం అనగానే మన ఇళ్ళలో పెద్దవాళ్ళకు గుర్తుకు వచ్చేది పలక. చెక్క చట్రంలో బిగించిన నల్లని రాతిపలక, దానిమీద బలపంతో దిద్దిన అక్షరాలు, ఉమ్మి తడితో తుడిచినందుకు పంతులుగారు పెట్టిన మొట్టికాయ. అంతకు మించి ఆ ఊరిని గురించి తెలిసినవారు తక్కువ. గుంటూరు నుంచి నంద్యాల వైపు పోయే రైలు 'మార్కాపురం రోడ్డు' స్టేషనులో ఆగినప్పుడు, ఆ 'రోడ్డు' అన్న మాటను బట్టి ఊరు ఇంకా ఎక్కడో ఉన్నదని గ్రహించి, కిటికీ దించి మళ్ళీ కునుకు తీసేవారే ఎక్కువ.

ఈ రోజుల్లో మనవాళ్ళు మధ్యధరా సముద్రంలోని మాల్టా దీవి దాకా వెళ్ళి వస్తున్నారు. అక్కడ ఓడ దిగినవారిని బస్సు ఎక్కించి, ఒక్క పూటలో కోటలూ చర్చీలూ చూపించి, ఏది ఎవరు కట్టారో చెప్పి, పొద్దుగూకేలోగా తిరిగి దించేస్తారు. మార్కాపురంలో అటువంటి ఏర్పాట్లు లేవు. అయితే నాలుగు మాటలు చెప్పగల అద్దెకారు డ్రైవరు దొరికితే, మార్కాపురం, కంభం, గిద్దలూరు ఒక్క రోజులో చుట్టి రావచ్చు. మాకు అటువంటి మనిషే దొరికాడు. యాభై ఏళ్ళవాడు, ఆ ప్రాంతంలోనే పుట్టి పెరిగినవాడు. కార్తీకం వెళ్ళిన వారానికి, నేనూ, మా ఆవిడా, మా అమ్మా, పిల్లలిద్దరూ అతని కారెక్కాము.

"ముందు ఈ సీమ ఎట్లుంటదో చెప్తా సారూ. పడమర నల్లమల. తూర్పున వెలికొండ. నడాన మేము," అన్నాడు అతను. దానికి మించి పటం అక్కరలేదు. రెండు కొండల వరుసల మధ్య చిక్కుకున్న ఈ నేల ఒక విధంగా దీవే, చుట్టూ సముద్రం లేదంతే. 1800లో నిజాం నవాబు కంపెనీవారికి అప్పగించిన దత్తమండలాలలో ఇదీ ఒక భాగం. 1970 దాకా కర్నూలు జిల్లాలో ఉండేది. ఆ ఏడు ఒంగోలు జిల్లా ఏర్పడినప్పుడు అందులో కలిసింది. 1972లో ఆ జిల్లాకు ఆంధ్రకేసరి పేరు పెట్టారు. అందుకే ఇక్కడి మాటలో సగం రాయలసీమ యాస, సగం కోస్తా నుడి వినిపిస్తాయి.

పొద్దున్నే చెన్నకేశవస్వామి దర్శనం చేసుకున్నాము. ఊరి నడిబొడ్డున గుడి, ఎత్తయిన గాలిగోపురం. మంటపంలో విజయనగర కాలపు స్తంభాలు. మారిక అనే గొల్ల వనిత పేరుమీదనే ఊరు మారికాపురమై, మార్కాపురమయిందని అక్కడివారు చెబుతారు. గుళ్ళు కట్టించిన రాజుల పేర్లు ఊళ్ళకు ఉండటం మామూలే కాని, పశువులు కాచుకునే ఇంటి ఆడకూతురి పేరు ఒక పట్టణానికి నిలవడం మా అమ్మకు ఎంతో నచ్చింది. ప్రదక్షిణం మరొకటి ఎక్కువ చేసింది.

అక్కడి నుంచి పలకల కార్ఖానాకు వెళ్ళాము. ఇక్కడి రాయి కథ వింటే ఆశ్చర్యం కలుగుతుంది. నూరు కోట్ల ఏళ్ళకు పూర్వమే, ఈ సీమంతా నీటి అడుగున ఉన్నప్పుడు, పేరుకున్న బురద ఇది. ఆ తరువాత భూమి లోపలి ఒత్తిడికి నలిగి, గట్టిపడి, పొరలు పొరలుగా చీలే రాయి అయింది. భూగర్భ శాస్త్రవేత్తలు ఈ రాతి వరుసకు కంభం పేరే పెట్టారు. గనిలోంచి తెచ్చిన దిమ్మెను నిలబెట్టి, అంచున ఉలి పెట్టి, సుత్తితో మెల్లగా రెండు దెబ్బలు వేస్తే, పుస్తకం తెరిచినట్టు రెండుగా విడిపోతుంది. మా పెద్దవాడు నోరు తెరుచుకుని చూశాడు. "ఎక్కువ బలం పెడితే పగులుతాది. తక్కువ పెడితే చీలదు. చేతికే తెలవాల," అన్నది ఆ పని చేస్తున్నామె. ఆమె చీర మీద, కనురెప్పల మీద కూడా బూడిదరంగు దుమ్ము.

రాతిపలకకు ఇప్పుడు గిరాకీ తగ్గింది. నోటుపుస్తకాలు వచ్చాయి, ప్లాస్టిక్ పలకలు వచ్చాయి. ఇక్కడి రాయి ఇప్పుడు ఎక్కువగా ఇళ్ళ గోడలకూ నేలకూ అతికే బిళ్ళలుగా తయారై, ఓడలెక్కి విదేశాలకు పోతున్నది. అక్షరం దిద్దుకోవడానికి పనికివచ్చిన రాయి ఎక్కడో ఎవరి ఇంటి వసారాలోనో పాదాల కింద పడి ఉన్నదంటే మనసు కొంచెం చివుక్కుమంటుంది. కాని చేసేవారికి కూలి గిట్టాలి కదా. మా అమ్మ మాత్రం అడిగి మరీ చట్రం వేసిన పలకలు రెండు కొన్నది. "నీ మనవలకు ఇది ఎందుకే?" అంటే, "వాళ్ళకు కాదు, నాకు," అన్నది.

కంభం దారిలో కందిచేలు, మిరపతోటలు, అక్కడక్కడ పత్తి. వాటి నడుమ ఎండిన బోర్ల గొట్టాలు. ఈ సీమ దిగులంతా నీళ్ళే. వాన తక్కువ. భూమిలోని నీరు అందాలంటే ఏటికేడు ఇంకా లోతుకు పోవాలి. అందిన నీటిలో చాలా చోట్ల ఫ్లోరైడు ఉంటుంది. అది పళ్ళమీద గార తెస్తుంది, ఏళ్ళ తరబడి తాగితే ఎముకలను వంచుతుంది. మాల్టా దీవిలోనూ నదులు లేవు. అందుకే పదహారో శతాబ్దంలో వాలెట్టా పట్టణం కట్టినప్పుడు, ప్రతి ఇంటి కింద వాన నీటి తొట్టి తవ్వించి తీరాలని అక్కడి ప్రభువులు కట్టడి చేశారు. నేడు ఆ దీవివారు తాగే నీటిలో పెద్ద భాగం ఉప్పు తీసిన సముద్రపు నీరే. సముద్రం లేని మన దీవికి ఆ దారి లేదు. మరి ఇక్కడి పాతకాలపువారు ఏమి చేశారు?

దానికి జవాబు కంభం చెరువు. కట్ట మీదికి ఎక్కేసరికి పిల్లలు, "నాన్నా, సముద్రం!" అని కేకపెట్టారు. వాళ్ళు అన్నదాంట్లో అతిశయం లేదు. నిండినప్పుడు సుమారు 7 కిలోమీటర్ల పొడవు, మూడున్నర కిలోమీటర్ల వెడల్పు పరుచుకునే నీరు అది. మనుషులు కట్టిన పాత చెరువులలో ఆసియా ఖండంలోనే పెద్దవాటిలో ఒకటిగా దీన్ని లెక్కిస్తారు. శ్రీకృష్ణదేవరాయల దేవేరి, గజపతుల ఆడపడుచు వరదరాజమ్మ దీనిని కట్టించిందని ప్రతీతి.

చూడవలసింది నీటి విస్తారం కన్నా కట్ట ఉన్న చోటు. నల్లమలలో పుట్టిన గుండ్లకమ్మ, మరోవైపు నుంచి వచ్చిన జంపలేరు కలుపుకుని, రెండు కొండల మధ్య సందులోంచి జారిపోతుంది. ఆ సందును మూశారు. అంతే. మిగిలిన గోడలన్నీ కొండలే. కట్ట ఎత్తు 57 అడుగులనీ, 430 చదరపు మైళ్ళ నేల మీద కురిసిన వాన ఈ చెరువులోకి వస్తుందనీ, దీని కింద పదివేల ఎకరాలకు పైగా సాగయ్యేదనీ తెల్లవారి కాలపు గెజిటీరులో రాసుకున్నారు. 2020లో అంతర్జాతీయ నీటిపారుదల సంఘం కంభం చెరువును ప్రపంచ వారసత్వ కట్టడాల జాబితాలో చేర్చింది.

ఇది ఎవరో గాలిలో గీసిన గీత కాదు. చెరువు కట్టడం అప్పటికే ఒక శాస్త్రం. గిద్దలూరు నుంచి దక్షిణంగా పోతే కడప జిల్లాలో పోరుమామిళ్ళ చెరువు ఉంది. విజయనగర చక్రవర్తి బుక్కరాయల కుమారుడు భాస్కరుడు దానిని కట్టించి, 1369లో శాసనం వేయించాడు. మంచి చెరువుకు 12 అంగాలు ఉండాలని అందులో ఉన్నది. చెప్పుకోదగిన నది, నీటి శాస్త్రం తెలిసినవాడు, గట్టి నేల, ఆనుకోవడానికి కొండ, బిగువైన రాతి కట్ట మొదలైనవన్నీ లెక్కవేసి చెప్పారు. ఉండకూడని దోషాలు కూడా చెప్పారు. వెయ్యిమంది కూలీలు, నూరు బండ్లు, రెండేళ్ళ పని అని లెక్క కూడా రాయించారు. కంభం కట్ట మీద నిలబడి ఆ అంగాలను తలచుకుంటే, ఒక్కొక్కటే కళ్ళ ఎదుట కనిపిస్తుంది.

"ఏటా ఇట్లనే నిండుతుందా?" అని అడిగింది మా ఆవిడ.

"ఏడమ్మా! వాన లేని ఏడు అడుగు కనబడతాది. నిండిన ఏడు మాకు పండగ," అన్నాడు డ్రైవరు. కట్ట కింద వరిచేలు పచ్చగా ఉన్నాయి. ఆ పచ్చదనం ఆగిన చోటే ఎర్రనేల మొదలవుతుంది. గీత గీసినట్టుంటుంది.

తెచ్చుకున్న పులిహోర కట్ట మీదనే తిని, గిద్దలూరు వైపు బయలుదేరాము. గిద్దలూరుకు దాపున సత్యవోలు అనే పల్లెలో రామలింగేశ్వర, భీమలింగేశ్వర ఆలయాలు ఉన్నాయి. బాదామి చాళుక్యుల కాలం నాటివి, అంటే సుమారు 1,200 ఏళ్ళ పైమాట. రామలింగేశ్వరాలయ శిఖరం అలంపురం గుళ్ళ తీరున వంపు తిరిగి పైకి పోతుంది. భీమలింగేశ్వరాలయం వెనుక భాగం ఏనుగు వీపులా గుండ్రంగా ఉంటుంది. గజపృష్ఠమని దానికి పేరు. రెండు రకాల శిల్ప సంప్రదాయాలు ఒకే ఆవరణలో పక్కపక్కన చూడగలగడం అరుదు. అక్కడ మేము తప్ప యాత్రికులు లేరు. మేకలు కాచుకునే కుర్రవాడు ఒకడు గోడ నీడన కూర్చుని మా పిల్లలను వింతగా చూశాడు.

గిద్దలూరు పక్కన పారే సగిలేరు దక్షిణంగా పోయి పెన్నలో కలుస్తుంది. కంభంలో చూసిన గుండ్లకమ్మ తూర్పుగా పోయి సముద్రంలో కలుస్తుంది. ఇంత దగ్గరలో ఉన్న రెండేళ్ళు చెరో దారి పట్టాయి. గిద్దలూరు దాటి దిగువమెట్ట చేరేసరికి నల్లమల మొదలయింది. రైలు దారి ఇక్కడి నుంచి అడవిలోకి దూరుతుంది. 19వ శతాబ్దం చివర వేసిన మీటరు గేజి దారిని 1990లలో వెడల్పు చేశారు. చెట్ల మధ్య చల్లగాలి తగిలాక, పొద్దంతా ఎర్రనేల మీద తిరిగిన అలసట పోయింది. పులులకు రక్షిత ప్రాంతం కనుక అడవిలోకి ఇష్టం వచ్చినట్టు పోరాదు. రోడ్డు పక్కనే కాసేపు నిలబడి, వెనక్కు తిరిగాము.

దారిలో వెలిగొండ ప్రాజెక్టు మాట వచ్చింది. శ్రీశైలం జలాశయంలోని కృష్ణ వరదనీటిని నల్లమల కింద సొరంగాల గుండా ఇవతలికి తెచ్చే పని అది. ఎర్రగొండపాలెం మాజీ శాసనసభ్యుడు, కమ్యూనిస్టు నాయకుడు పూల సుబ్బయ్య పేరు దానికి పెట్టారు. 1996లో శంకుస్థాపన జరిగింది. ఒక్కొక్కటి సుమారు 18.8 కిలోమీటర్లు ఉన్న జంట సొరంగాలను 2024 మార్చిలో జాతికి అంకితం చేశారు. వచ్చిన నీటిని నిలపడానికి సుంకేసుల, గొట్టిపడియ, కాకర్ల వద్ద కొండల మధ్య సందులను మూశారు. వరదరాజమ్మ చేసిందీ అదే. సందు మూయడమన్న ఉపాయం మారలేదు, కొలత మారింది. లక్షల ఎకరాలకూ, లక్షల గొంతులకూ నీరివ్వాలని సంకల్పం.

"ఆ నీళ్ళు వస్తే మీకు మంచిదేగా?" అన్నాను.

అతను కొంతసేపు మాట్లాడలేదు. "మా అత్తగారి ఊరు ఆ మునకలోనే ఉండాది సారూ. నీళ్ళు రావాలని మొక్కుకునేదీ మేమే, ఆ నీళ్ళలో ఊరు ఇడిచిపెట్టేదీ మేమే. మా యింటిది పుట్టింటి గురించి ఏడుస్తాది. మళ్లా బిందె ఎత్తుకుని ట్యాంకరు కాడికి పోయి, నీళ్ళెప్పుడొస్తాయో అని తిట్టుకుంటాది."

కారులో ఎవరమూ మాట్లాడలేదు. మా అమ్మే చివరకు, "పొద్దున చూసిన చెరువు కిందా ఏ ఊళ్ళు ఉండేవో నాయనా," అన్నది.

"ఉండే ఉంటాయవ్వా. వాళ్ళ పేర్లు ఎవరు రాసినారు?"

రాణిగారి పేరు నిలిచింది. కట్ట ఎత్తు ఎన్ని అడుగులో నిలిచింది. లేచిపోయినవారి ఊరి పేరు ఒక్కటీ మన దాకా రాలేదు. ఈసారైనా ఆ పల్లెల పేర్లు, ఎవరు ఎక్కడికి వెళ్ళారో, వారికి దక్కింది ఎంతో, కట్ట మీదనే ఒక రాతిమీద చెక్కి పెడితే బాగుంటుంది. చెక్కడానికి రాయి ఈ సీమలో కొదువ లేదు.

ఈ వైపు రాదలచినవారికి రెండు మాటలు. వానలు వెనకపట్టాక, కార్తీకం నుంచి మాఘం దాకా వస్తే ఎండ బాధ ఉండదు, చెరువులో నీరూ ఉంటుంది. గుంటూరు నుంచి నంద్యాల పోయే రైళ్ళు మార్కాపురం రోడ్డు, కంభం, గిద్దలూరు స్టేషన్ల మీదుగానే పోతాయి. రెండో రోజు కూడా ఉండగలిగితే త్రిపురాంతకం వెళ్ళండి. అది శ్రీశైలానికి తూర్పు ద్వారం, కాకతీయుల శాసనాలు ఉన్న క్షేత్రం. తాగే నీరు వెంట తెచ్చుకోండి. మిగిలితే పారబోయకండి, అడిగేవారు ఉంటారు.