సైకిలుకు ముక్కాలిపీట

పిల్లలూ! మీరెప్పుడైనా నంద్యాల చూశారా? నల్లమల కొండలకు పడమరగా, కుందూ నది దగ్గర ఉన్న ఊరది. పూర్వం కర్నూలు జిల్లాలో ఉండేది. 2022 ఏప్రిల్ 4 నుంచి తన పేరుతోనే ఏర్పడిన జిల్లాకు ముఖ్యపట్టణమయింది. ఈ నెల మనం నంద్యాల నుంచి ఆళ్ళగడ్డ దాకా వెళదాం. దారిలో ఒక సంగతి నేర్చుకుందాం. ఇంటి దగ్గర సైకిలు బాగుచేసుకోవాలంటే దాన్ని ఎలా నిలబెట్టాలి?

నంద్యాల చుట్టూ ఉన్నది నల్లరేగడి నేల. వానాకాలంలో ఆ బంకమట్టి చక్రానికీ మడ్‌గార్డుకూ మధ్య మెత్తి కూర్చుంటుంది. ఎండలు వచ్చాక తుమ్మముళ్ళు టైర్లలో దిగుతాయి. కనక సైకిలున్న ఇంట్లో స్పానరుతో పని తప్పదు. చైనుకు నూనె వెయ్యాలన్నా, బ్రేకు సరిచెయ్యాలన్నా, చక్రం వంకర చూడాలన్నా చక్రం గాలిలో తిరగాలి గదా!

చాలామంది సైకిలును తలకిందులు చేసి సీటు మీదా, హాండిలు మీదా నిలబెడతారు. పంక్చరు వెయ్యటానికి అది చాలు. కాని బెల్లూ, బ్రేకు పిడులూ నేలకు నొక్కుకుంటాయి. స్పానరు కాస్త గట్టిగా తిప్పితే సైకిలు పక్కకు ఒరుగుతుంది. పోనీ, వెనక చక్రం స్టాండు వేద్దామా? సైకిలును ముందుకు తోయగానే ఆ స్టాండు మడుచుకుపోతుంది, చక్రం దబ్బున నేలకు దిగుతుంది. అందుకే మరమ్మతు స్టాండు అని వేరే ఉన్నది. ఒక నిలువు గొట్టం, కింద కాళ్ళు, పైన సైకిలును పట్టి ఉంచే బిగింపు. ఇంతే దాని ఆకారం.

మంచి స్టాండును ఎలా గుర్తుపట్టాలి? నంద్యాలలోనూ, చుట్టుపక్కలా నవనందులని తొమ్మిది శివాలయాలున్నాయి. వాటిలో మహానంది చాలా ప్రసిద్ధం. గుడిలో కూర్చున్న నందిని ఒకసారి చూడండి. పీఠం వెడల్పు, బరువంతా కిందనే. ఎంత తోసినా అది ఒరగదు. స్టాండు మీది సైకిలు సంగతి ఇందుకు తలకిందులు. అక్కడ బరువంతా పైనే ఉంటుంది! ఆ బరువు నుంచి తిన్నగా కిందికి ఒక గీత గీశామనుకోండి. అది కాళ్ళ మధ్యనే పడాలి. కాళ్ళ వెలుపల పడిందా, సైకిలూ స్టాండూ కలిసి పడతాయి. అందుచేత కాళ్ళు బాగా ఎడంగా చాచుకునే స్టాండునే ఎంచుకోవాలి.

స్టాండు ఎంత బరువు మోస్తుందో దాని మీద రాసి ఉంటుంది. మీ సైకిలు బరువెంత? నాన్న సైకిలు పట్టుకుని బరువు యంత్రం ఎక్కాలి. తరవాత ఒక్కడే ఎక్కాలి. మొదటి దానిలోంచి రెండోది తీసివేస్తే సైకిలు బరువు వస్తుంది. పాతకాలపు ఇనప సైకిళ్ళు 20 కిలోల దాకా తూగుతాయి.

ఇక నేల సంగతి. ఈ జిల్లాలోనే బేతంచెర్ల ఉన్నది. అక్కడి నాపరాళ్ళు ఈ ప్రాంతంలో ఎన్నో ఇళ్ళకు నేల అయినాయి. బండకూ బండకూ మధ్య కాస్త ఎత్తుపల్లాలున్న చోట నాలుగు కాళ్ళ బల్ల కదులుతుంది గాని, ముక్కాలిపీట కదలదు. ఎంచేత? మూడు కాళ్ళు ఎలాటి నేల మీదనైనా మూడూ ఒకేసారి ఆనుతాయి. నాలుగో కాలుకే గాలిలో ఉండే అవకాశం! మూడు కాళ్ళ స్టాండుకు ఉన్న గుణం ఇదే. అయితే నున్నని నాపరాయి మీద నూనెచుక్క పడితే కాలు జారుతుంది. కనక పాత గోనెపట్టా పరిచి పని మొదలుపెట్టండి.

ఇప్పుడు దక్షిణంగా సాగుదాం. శిరివెళ్ళ దాటి, మొత్తం సుమారు 40 కిలోమీటర్లు పోతే ఆళ్ళగడ్డ వస్తుంది. అహోబిలం యాత్రికులకు తెలిసిన ఊరే. రాతిశిల్పాలకు ఈ ఊరు పేరుపొందింది. దేవతావిగ్రహాలు చెక్కే శిల్పులు ఇక్కడున్నారు. ఉలి ఆనించే ముందు రాయి కదలకుండా కుదురుకోవాలి. రాయి కదిలితే ఉలి తప్పుతుంది. చెక్కిన తరవాత సన్నని వేళ్ళ మీద, ముక్కు మీద బరువు మోపకూడదు.

సైకిలుకూ ఇదే న్యాయం. బిగింపును సీటు కింది గొట్టానికే వెయ్యాలి. అల్యూమినియం, కార్బను సైకిళ్ళ ఫ్రేము గొట్టాలు పలచన. అక్కడ బిగిస్తే నొక్కుకుపోతాయి, పగలనూవచ్చు. సీటు కాస్త పైకి లేపితే చోటు దొరుకుతుంది. కాని గొట్టం మీది హద్దుగీత బయటికి రాకూడదు.

పని చేసేటప్పుడు పెద్దవాళ్ళు పక్కన ఉండాలి. సైకిలును ఇద్దరు కలిసి ఎత్తండి. బిగించాక వెంటనే వదలక, పట్టుకునే ఒకసారి ఊపి చూడండి. వెనక చక్రం ఊడదీస్తే వెనక బరువు తగ్గి, ముందు భాగం కిందికి వాలుతుంది. కనక ఆ పనికి ముందు ఒకరు హాండిలు పట్టుకోవాలి.

అన్నిటికన్న ముఖ్యమైనది చైను. మొదట్లో పెద్ద ముందు చక్రం సైకిళ్ళకు చైను లేదు. పెడళ్ళు చక్రానికే ఉండేవి. ఇంగ్లండులో జాన్ కెంప్ స్టార్లీ 1885లో చేసిన సైకిలులో చైను వెనక చక్రాన్ని తిప్పింది. మన సైకిళ్ళది ఆ వంశమే. పెడలు తిరుగుతుండగా చైనూ, పళ్ళచక్రమూ కలిసేచోట వేలు పెడితే, చెయ్యి వెనక్కి లాక్కునేలోగానే వేలు నలుగుతుంది. కనక చైను తుడిచేవాళ్ళే పెడలు తిప్పాలి, అదీ మెల్లగా, వెనక్కి. ఓణీ, జడ, చొక్కా చేతులు ముడిచిపెట్టుకోండి. తిరిగే చక్రాన్ని చేత్తో ఆపకండి, బ్రేకు వెయ్యండి. పాకే పాపాయికి చక్రం బొమ్మలా కనిపిస్తుంది, ఆ గదిలోకి రానివ్వకండి.

స్టాండు కొనలేకపోయినా ఫరవాలేదు. ఇంట్లో పెద్దవాళ్ళు గట్టిదని చూసి చెప్పిన ఉయ్యాల కొక్కేనికి తాళ్ళతో సైకిలు వేలాడదీస్తే, కడగటానికీ నూనె వెయ్యటానికీ సరిపోతుంది. మొండి నట్టు విప్పటానికి మాత్రం అది పనికిరాదు, సైకిలు ఊగుతుంది. ఆ పనికి షాపుకే తీసుకుపోండి. అక్కడ మేస్త్రీ సైకిలును ఎలా నిలబెడుతున్నాడో, కాళ్ళెక్కడ, బిగింపెక్కడ, జాగ్రత్తగా చూసి రండి.