నాన్నగారి రెండు భాషలు

అనువాదకునికి ఒక దురభిమానమున్నది. ఒక భాషలోని మాటను మరొక భాషలోనికి చేర్చుట తన చేతిలోని పని అని అతడు నమ్ముతాడు. హిందీలో ఎం.ఏ. చదివి, ఆ భాషలోని పుస్తకములను తెనిగించుటయే వృత్తిగా పెట్టుకొన్న నేనును అట్లే నమ్మినాను. 2011వ సంవత్సరము వేసవిలో మా నాన్నగారి జబ్బు ఆ నమ్మకమును కదిలించినది.

నాన్నగారు తెనాలిలో హిందీ పండితులు. దక్షిణ భారత హిందీ ప్రచార సభ పరీక్షలు ఒకదాని వెంట ఒకటి వ్రాసి ప్రవీణ వరకు చదివినారు. ముప్పదియైదేండ్లు బడిలో హిందీ చెప్పినారు. కాని మా ఇంటిలో ఆ భాష వినబడేది కాదు. చెప్పులతోపాటు దానిని కూడా వాకిటిలో విడిచి లోపలికి వచ్చేవారు. అమ్మకు హిందీ ఒక్క ముక్క రాదు.

పక్షవాతముతో ఆయనకు కుడి చేయి, కుడి కాలు పడిపోయినవి. మాట పోయినది. మూడు వారముల తరువాత మాట కొంత తిరిగి వచ్చినది గాని, వచ్చినది తెలుగు కాదు. దాహమైతే ‘పానీ’ అనేవారు. కళ్ళజోడు కావలసివస్తే ‘చష్మా’ అనేవారు. మేము తెలుగులో చెప్పినది ఆయనకు తెలుస్తూనే ఉన్నది. బదులు మాత్రము హిందీలో వచ్చేది. అమ్మ వంటింటిలోనికి పోయి కంట తడిపెట్టుకొన్నది. “యాభై ఏళ్ళు కాపురం చేసి, ఇవాళ నాకు రాని భాషలో మంచినీళ్ళు అడుగుతున్నారు నాయనా” అన్నది.

అప్పుడు నేను చేసిన పని ఏమి? నాన్నగారిని దిద్దినాను. అచ్చుప్రతిలో తప్పు కనబడితే గీత గీసే అలవాటు నాది. నీళ్ళ గ్లాసు చేతిలో పట్టుకొని, “నాన్నగారూ, నీళ్ళు అనండి” అని ఎదుట నిలబడేవాడిని. ఆయన పెదవులు కదిపేవారు. నుదుట చెమట పట్టేది. చివరకు విసిగి మళ్ళీ ‘పానీ’ అనేవారు. అప్పుడు గ్లాసు అందించేవాడిని. ఈ మాట వ్రాయుటకు నాకిప్పుడు సిగ్గుగా ఉన్నది.

ఒకనాటి సాయంకాలము ఆయనకు ప్రీతియైన పోతన పద్యమొకటి నేను ఎత్తుకొనగా, తెలుగులో నీళ్ళడగలేని ఆ మనిషి నాలుగు పాదములనూ తడబాటు లేక చదివినారు. తెలుగు ఆయనలో ఉన్నదనుటకు ఇంతకంటె సాక్ష్యమేమి కావలెనని, మరునాటినుండి మరింత పట్టుదలతో దిద్దసాగినాను.

వైద్యునితో ఈ సంగతి చెప్పినప్పుడు ఆయన నవ్వలేదు. కంఠస్థమైన పద్యము, పాట, అంకెల వరుస ఒక దారిని వస్తాయనీ, అవసరమైన మాటను వెదకి తెచ్చుకొనుట వేరొక దారి అనీ చెప్పినారు. మెదడు దెబ్బ తిని మాట చెడుటను అఫేసియా అంటారు. ఇందులో మనిషి మతి పోదు. మాటకుగల దారి తెగుతుంది. “మీరు దిద్దుతున్నది ఆయన బద్ధకమును కాదు, గాయమును” అన్నారాయన.

అటు తరువాత నేను ఈ శాస్త్రమును గురించి దొరికినదెల్ల చదివినాను. 1861లో ప్యారిస్ నగరమున పాల్ బ్రోకా అను వైద్యుడు ‘టాన్’ అను ఒక్క శబ్దము తప్ప దాదాపు మరేమియు పలుకలేని రోగిని చూచినాడు. ఆ రోగి కొలది దినములలో మరణింపగా మెదడును పరీక్షించి, ఎడమ వైపున ముందు భాగములో గాయమును కనుగొన్నాడు. 1874లో జర్మన్ వైద్యుడు కార్ల్ వెర్నికే మరికొంత వెనుక భాగము చెడినవారిని వర్ణించినాడు. వారు ధారాళముగా మాటలాడుదురు గాని, ఆ మాటలకు పొందిక ఉండదు. ఇతరులు చెప్పునది వారికి తెలియదు.

రెండు భాషలు తెలిసినవారి సంగతి మరింత చిక్కైనది. మొదట నేర్చిన భాష చివరివరకు నిలుచునని ఫ్రెంచి పండితుడు రిబో అన్నాడు. వాడుకలో ఎక్కువగా ఉన్న భాషయే ముందు తిరిగివచ్చునని 1895లో పిత్ర్ అన్నాడు. రెండు సూత్రముల ప్రకారమూ నాన్నగారికి తెలుగే ముందు రావలసినది. నిజమునకు ఎక్కువ మందిలో రెండు భాషలూ కలిసియే కోలుకొంటాయి. నాన్నగారివంటి వారు కొద్దిమంది. అయితే పిత్ర్ చెప్పిన మరొక మాట నా మనస్సుకు పట్టినది: పలుకని భాష నశించినది కాదు, అణగియున్నది మాత్రమే.

ఈనాటి యంత్రములు బ్రతికియున్న మెదడు పనిచేయుచుండగా చిత్రిస్తున్నవి. వానిని బట్టి చూడగా రెండు భాషలకు రెండు గదులు లేవు. చాలవరకు ఒకే తావును పంచుకొంటాయి. ఒకటి పలుకునప్పుడు రెండవది నిద్రపోదు. దానిని అదుపులో ఉంచవలసియుండును. మెదడు లోతున ఉండే కాడేట్ అను భాగమునకు ఈ కావలి పనిలో పాలున్నదని 2006లో వెలువడిన ఒక పరిశోధన సూచించినది. శాన్ ఫ్రాన్సిస్కోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమున ఎడ్వర్డ్ చాంగ్ బృందము 2024లో ప్రకటించిన ప్రయోగము ఇంకను ఆశ్చర్యకరము. ఇరువదవ ఏట పక్షవాతముతో మాట పోయిన ఒక వ్యక్తి మెదడుపై విద్యుద్వాహకములను అమర్చి, అతడు పలుకబోయిన మాటలను స్పానిష్‌లోను, ఇంగ్లీషులోను తెరపైకి తెచ్చినారు. అతనికి ఇంగ్లీషు వచ్చినది జబ్బు చేసిన తరువాతనే. అయినను ఒక భాష కొరకు యంత్రము నేర్చినది రెండవ భాషకును పనికి వచ్చినది.

మన హైదరాబాదులోని నిజాం వైద్య విజ్ఞాన సంస్థలో సువర్ణ అల్లాడి బృందము చేసిన పనిని తెలుగువారు ప్రత్యేకముగా తెలుసుకొనవలెను. డిమెన్షియా సోకిన 648 మందిని పరిశీలించగా, రెండు లేక అంతకంటె ఎక్కువ భాషలు మాటలాడువారిలో ఆ వ్యాధి లక్షణములు నాలుగున్నర ఏండ్లు ఆలస్యముగా కనబడినవని 2013లో వారు ప్రకటించినారు. చదువురాని వారిలోను ఈ భేదము కనిపించినది. 2016లో పక్షవాత రోగులు 608 మందిని చూడగా, బుద్ధిశక్తి చెడకుండ నిలిచినవారు బహుభాషీయులలో నూటికి 40.5 మంది, ఏకభాషీయులలో 19.6 మంది. రెండవ భాష రోగమును మాన్పునని దీని అర్థము కాదు. అఫేసియా విషయములో ఆ రెండు వర్గములకును భేదము లేదని ఆ పరిశోధనయే చెప్పుచున్నది. నాన్నగారి హిందీ ఆయన మాటను కాపాడలేదు. ఒక దారి తెగినప్పుడు మరొక దారి మిగిలినది, అంతే. ఆ మిగిలిన దారికి అడ్డుగా గ్లాసు పట్టుకొని నిలబడినవాడిని నేను.

అమ్మ ఈ పుస్తకములేవీ చదువలేదు. ఒకనాడు వంటింటి గోడకున్న క్యాలెండరు తిప్పి చూడగా, వెనుక వైపున ఆమె చేతివ్రాత కనబడినది. పానీ – నీళ్ళు. చష్మా – కళ్ళజోడు. దవా – మందు. నాన్నగారు అన్న మాటనల్ల తెలుగు అక్షరములలో వ్రాసుకొని, పక్కింటి బడిపిల్లనడిగి అర్థము చేర్చుకొన్నది. ఇంటిలో అనువాదకుడైన కొడుకుండగా నన్నెందుకు అడుగలేదని అన్నాను. “నువ్వు ఆయన్ని దిద్దుతున్నావు గదా, నన్నూ దిద్దుతావని” అన్నది.

ఆయన ‘పానీ’ అంటే ఆమె, “పానీయా? ఇవిగో నీళ్ళు” అని వెంటనే ఇచ్చేది. తిరిగి చెప్పమని ఎన్నడూ అడుగలేదు. నేనును గ్లాసు పట్టుకొని నిలబడుట మానినాను. ఐదారు నెలలలో నాన్నగారికి తెలుగు మాటలు ఒకటొకటిగా రాసాగినవి. అది అమ్మ వలననే జరిగినదని నేననను. మెదడు తనంత తానుగా కోలుకొనుట కూడా ఉన్నది.

2015లో నాన్నగారు పోయినారు. ఆ క్యాలెండరు కాగితము ఇప్పుడు నా బల్లమీద నిఘంటువుల నడుమ ఉన్నది. అందులో 43 మాటలున్నవి. చివరిది ‘ఖిడ్కీ’. దాని ఎదుట అర్థము లేదు. అమ్మనడిగితే, “అది వ్రాసేలోగా ఆయనే కిటికీ అన్నారు” అని చెప్పినది.